గమ్ షీటు చేతికిచ్చి పంపేస్తే చాలదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. బి.ఫార్మసీ చదివి నాన్నగారి మెడికల్ షాపు నేనే చూసుకుంటున్నాను. బీడీ, సిగరెట్ మానేద్దామని నికోటిన్ గమ్ అడిగేవాళ్ళు ఈమధ్య పెరిగారు. షీటు తీసుకెళ్తారు. నాలుగు రోజులకి తిరిగొచ్చి, "ఏటమ్మా ఇది, గొంతు మంట, ఒకటే ఎక్కిళ్ళు, బీడీయే నయం" అంటారు. కొందరు అసలు మళ్ళీ రారు. ఎదుటి పాన్ షాపు దగ్గర కనిపిస్తారు. చూస్తూ ఊరుకోబుద్ధి కావడం లేదు. నాన్నగారేమో, "మనం మందులు అమ్మేవాళ్ళం, డాక్టర్లం కాదు. పెద్దవాళ్ళకి నీతులు చెబితే గిరాకీ పోతుంది" అంటారు. నాకు 26 ఏళ్ళు. నాన్న వయసు వాళ్ళకి చెప్పాలంటే మొహమాటం. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి వచ్చే పెద్దమ్మలు కొందరు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. వాళ్ళు గమ్ గురించి ఎప్పుడూ అడగరు. చిన్న షాపు, సాయంత్రం అయితే ఊపిరి సలపదు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక ఫార్మసిస్టు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చాలా ఉందమ్మా. పైగా అందులో ఎక్కువ భాగం మీరు తప్ప ఆ ఊళ్ళో ఇంకెవరూ చేయలేరు.

ముందు నాన్నగారి మాట. జబ్బు తేల్చడం, చీటీ రాయడం డాక్టరు పని అన్నంతవరకు ఆయన చెప్పింది సరే. కానీ ఇచ్చిన మందు ఎలా వాడాలో వివరించడం ఫార్మసిస్టు పనే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు కూడా రోగికి కౌన్సెలింగ్ ఇవ్వడాన్ని ఫార్మసిస్టు బాధ్యతల్లోనే చేర్చాయి. బీపీ మాత్రలు వాడే మనిషి డాక్టరు దగ్గరికి ఎప్పుడో ఒకసారి వెళ్తాడు. మీ కౌంటర్ దగ్గరికి నెలనెలా వస్తాడు. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో, పొగ తాగేవాళ్ళలో 55 శాతం మంది మానాలని అనుకుంటున్నట్టు తేలింది. వైద్య సిబ్బంది దగ్గరికి వెళ్ళినవాళ్ళలో సగం మందికి మాత్రమే "మానండి" అన్న మాట వినబడింది. ఆ మాట ఎవరూ అననివాళ్ళు మిగతా సగం. వాళ్ళలో చాలామందికి మీలాంటి షాపుల్లో ముఖపరిచయం ఉంటుంది.

ఇక గమ్. గొంతు మంట, ఎక్కిళ్ళు, వికారం అని వచ్చి చెప్పినవాళ్ళ మాట కొట్టిపారేయకండి. వాళ్ళకి వాడే పద్ధతి ఎవరూ చెప్పలేదు, అంతే. మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలి, ఊరిన ఉమ్మినంతా మింగేస్తే నికోటిన్ గొంతులోకి, కడుపులోకి పోతుంది. మంట పుట్టేది అక్కడే. కడుపులోకి పోయినదానిలో ఎక్కువ భాగం కాలేయం దగ్గరే విరిగిపోతుంది కాబట్టి తలకి ఎక్కాల్సినంత ఎక్కదు, బీడీ మీద యావ తీరదు. మంటా తప్పలేదు, యావా తీరలేదు అంటే ఎవరైనా విసిరిపారేస్తారు.

వాళ్ళకి చెప్పాల్సిన మాట తేలికే. "నెమ్మదిగా నమలండి. నోట్లో చురుక్కుమనగానే ఆపి దవడన పెట్టుకోండి." దవడన పెట్టుకోవడం మన వాళ్ళకి కొత్త కాదు, ఖైనీ వాడేవాళ్ళని చూసే ఉంటారు. చిగుళ్ళకీ బుగ్గకీ మధ్య ఒక నిమిషం ఉంచాలి. చురుకు తగ్గాక మళ్ళీ రెండు మూడుసార్లు నమిలి రెండో దవడన పెట్టుకోవాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటి లోపలి చర్మం గుండా రక్తంలోకి దిగాలి, అందుకే ఇంత ఓపిక. వీలైతే కౌంటర్ దగ్గరే మొదటి గమ్ తీయించి, మీ ఎదురుగా ఒకసారి నమిలించండి. "ఇదిగో, ఇప్పుడు చురుక్కుమంది" అని వాళ్ళ నోటితో వాళ్ళు అనాలి. నోటితో పది నిమిషాలు చెప్పినా అంత బాగా ఎక్కదు.

రెండో చిక్కు టీ. మన దగ్గర బీడీ, సిగరెట్ టీతో ముడిపడి ఉంటాయి. టీ గ్లాసు చేతికి రాగానే యావ పుడుతుంది, సిగరెట్ బదులు గమ్ నోట్లో వేసుకుంటారు. అప్పుడే అది పనిచేయదు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం లాంటివి నోట్లో పులుపుదనం పెంచుతాయి, అలాంటి నోటి గుండా నికోటిన్ సరిగ్గా దిగదు. అవి తాగాక పావుగంట ఆగి గమ్ వేసుకోవాలి. గమ్ నోట్లో ఉన్నంతసేపు నీళ్ళు తప్ప ఇంకేదీ వద్దు. టీ బడ్డీకి వెళ్ళే అరగంట ముందే గమ్ వేసుకుని, అది పూర్తయ్యాక టీ తాగడం అన్నిటికంటే మంచిది. యావ పుట్టకముందే మందు లోపల ఉంటుంది.

మూడోది లెక్క. "మరీ ఆగలేనప్పుడు ఒకటి నములుతున్నాను" అని రోజుకి రెండో మూడో వాడేవాళ్ళే ఎక్కువ. అది సరిపోదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకి తొమ్మిదికి తగ్గకుండా వాడాలి. తర్వాతి మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. మొత్తం 12 వారాలు. రోజుకి 24 దాటకూడదు, రెండు ఒకేసారి నోట్లో వేసుకోకూడదు. ఏ బలం ఇవ్వాలన్నది తేల్చుకోవడానికి రోజుకి ఎన్ని తాగుతారని అడగడం కంటే, "పొద్దున లేచాక మొదటి బీడీ ఎంతసేపటికి వెలిగిస్తారు?" అని అడగండి. అరగంటలోపే అంటే 4 మి.గ్రా. కావాలి, ఆ తర్వాత అంటే 2 మి.గ్రా. చాలు. 2 మి.గ్రా. చీటీ లేకుండా ఇవ్వొచ్చు, 4 మి.గ్రా.కి డాక్టరు చీటీ ఉండాలి. మంచం దిగకముందే బీడీ వెలిగించే మనిషికి 2 మి.గ్రా. షీటు అమ్మి పంపేస్తే అతను మానలేడు, పైగా "గమ్ వల్ల కాదు" అని ఊరంతా చెబుతాడు. ఆ మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపండి.

గర్భిణులు, 18 ఏళ్ళ లోపు పిల్లలు, గత రెండు వారాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళు, ఛాతీ నొప్పి లేదా గుండె దడతో బాధపడుతున్నవాళ్ళు వస్తే ముందు డాక్టరు దగ్గరికి పంపండి. కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళకి గమ్ అంటుకుపోతుంది కాబట్టి చప్పరించే నికోటిన్ బిళ్ళ గానీ, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గానీ మేలు. ప్యాచ్ రోజంతా నికోటిన్ అందిస్తుంటే, యావ పుట్టినప్పుడు గమ్ నమలడం ఒక్కటే వాడినదానికంటే బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. దాని ఖర్చు మాత్రం అందరూ భరించలేరు.

ఖర్చు సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. పద్ధతి ప్రకారం వాడితే రోజుకి దాదాపు ఒక షీటు అయిపోతుంది. సిగరెట్లు కాల్చేవాడికి లెక్క చూపిస్తే ఒప్పుకుంటాడు. బీడీ కట్టతో రోజు గడిపే కూలీకి ఆ లెక్క కుదరదు. అలాంటివాళ్ళకి పెద్ద ప్యాకెట్ అంటగట్టకండి. రెండు రోజులకి సరిపడా ఇచ్చి మళ్ళీ రమ్మనండి. చేతిలో డబ్బుకీ సరిపోతుంది, మళ్ళీ మీ కంటపడతాడు కూడా. జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే కేంద్రం ఉందా, గమ్ ఉచితంగా ఇస్తున్నారా అని మీరే ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి కనుక్కోండి. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను (అంటే ఈ గమ్ లాంటివాటిని) చేర్చారు కాబట్టి అడిగే హక్కు మనకుంది. గమ్ కొనే స్తోమత లేదని ఎవరినీ ఉత్త చేతులతో పంపకండి. 1800-11-2356 జాతీయ టోల్‌ఫ్రీ నంబరు. సిగరెట్ పెట్టెల మీద అచ్చవుతున్నదీ అదే. ముందు మీరే చేసి చూడండి, ఏ వేళల్లో పలుకుతున్నారో, తెలుగులో ఎవరు మాట్లాడతారో తెలుసుకోండి. ఆ తర్వాత, మనిషి మీ కౌంటర్ దగ్గర ఉండగానే ఆయన ఫోన్ నుంచే కలిపి ఇవ్వండి. కాగితం మీద రాసిస్తే జేబులోనే ఉండిపోతుంది.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ ఫార్మసిస్టుగా మీరే పట్టుకోవాల్సిన విషయం ఒకటి చెబుతాను. ఆయాసానికి డెరిఫిలిన్ వాడే బీడీ తాతలు మీ దగ్గర కచ్చితంగా ఉంటారు. అందులో థియోఫిలిన్ అనే మందు ఉంది. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం ఆ మందును మామూలు కంటే వేగంగా విరగ్గొడుతుంది. బీడీ మానేస్తే ఆ వేగం కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. అదే మోతాదు మందు రక్తంలో పేరుకుంటుంది. వికారం, గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. తాత ఏమనుకుంటాడు? "బీడీ మానాక ఒళ్ళు పాడైంది" అనుకుని మళ్ళీ వెలిగిస్తాడు. ఇక్కడ తప్పు మానడంలో లేదు, మోతాదులో ఉంది. కాబట్టి డెరిఫిలిన్ కొనే మనిషి బీడీ మానబోతున్నాడని తెలిస్తే, ముందే డాక్టరుకి చెప్పి మోతాదు సరిచూడమనండి. మానసిక జబ్బులకి వాడే క్లోజాపిన్, ఓలాంజాపిన్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కాఫీలోని కెఫీన్ కూడా ఈ దారినే విరుగుతుంది. మానినవాళ్ళు మునుపటంత కాఫీ తాగితే టెన్షన్, దడ ఎక్కువవుతాయి. సగానికి తగ్గించమనండి. ఇన్సులిన్ వాడేవాళ్ళని ఆ నెలలో సుగర్ తరచుగా చూసుకోమనండి.

మొహమాటం గురించి. పెద్దవాళ్ళకి మీరు "మానండి" అని చెప్పనే అక్కర్లేదు. అడగండి చాలు. బీపీ మాత్రలు బిల్లు వేస్తూ, "బాబాయ్ గారూ, బీడీ గానీ సిగరెట్ గానీ అలవాటుందా?" అనండి. ఉందంటే, "మానడానికి మందు, మాట సాయం రెండూ ఉన్నాయి బాబాయ్, వాటితో మానడం తేలిక. మీకు ఎప్పుడు అనిపించినా మధ్యాహ్నం పూట రండి, నేను దగ్గరుండి చెప్తాను" అని మాత్రలు చేతికిచ్చేయండి. అర నిమిషం పని. ఊపిరితిత్తులు, క్యాన్సర్, పిల్లల పెళ్ళిళ్ళు ఇవేవీ ఎత్తొద్దు. అవన్నీ ఆయనకి ఇంట్లో రోజూ వినబడేవే. ఆయన నవ్వేసి వెళ్ళిపోయినా నొచ్చుకోకండి. నెల తర్వాత మళ్ళీ వస్తారు, అప్పుడు ఒకసారి అడగండి. ఒక్క బీపీ మాత్రలప్పుడే కాదు. దగ్గు మందు పదే పదే కొనేవాళ్ళు, ఇన్‌హేలర్ వాడేవాళ్ళు, నోటి పూత జెల్ అడిగేవాళ్ళు, వీళ్ళందరినీ అడగొచ్చు. సాయంత్రం రద్దీలో కౌన్సెలింగ్ పెట్టుకోకండి. రెండింటి నుంచి నాలుగింటి దాకా షాపు ఖాళీగా ఉంటుంది కదా, ఆ వేళ రమ్మనండి. వాళ్ళకీ పదిమంది ముందు సిగ్గు ఉండదు.

మానాలని వచ్చిన మనిషితో కలిసి ఒక తారీఖు పెట్టండి. వారం పది రోజుల్లోపు ఏదో ఒక రోజు. అనుమతి అడిగి ఫోన్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తారీఖు తర్వాత రెండో మూడో రోజు ఫోన్ చేయండి. చిరాకు, నిద్రలేమి, ఆకలి అన్నీ మొదటి వారంలోనే ముదురుతాయి, రెండు మూడు వారాలకి సర్దుకుంటాయి. ఎక్కువమంది జారేదీ ఆ మొదటి వారంలోనే. యావ ఒక్కసారి వస్తే కొద్ది నిమిషాలకి మించి ఉండదు, ఆ కాసేపు నీళ్ళు తాగుతూనో నాలుగడుగులు వేస్తూనో గడిపేయమనండి. ఒకరోజు ఒకటి తాగేశానని చెబితే, "సరే, రేపటి నుంచి మళ్ళీ గమ్ వాడుకుందాం" అనండి. మీరు తిట్టరని తెలిస్తేనే నిజం చెబుతారు.

మగవాళ్ళు మీతో చెప్పడానికి సిగ్గుపడే కారణం ఇంకొకటి ఉంది. "బీడీ తాగితేనే పొద్దున విరేచనం అవుతుంది." చాలామంది మానకపోవడానికి అసలు కారణం ఇదే. ఇది అబద్ధం కాదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, మానిన కొత్తలో మలబద్ధకం వస్తుంది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు, అవసరమైతే రాత్రిపూట ఇసబ్‌గోల్ చాలు. మీతో నోరు విప్పకపోతే నాన్నగారిని చెప్పమనండి. ఆయన్ని ఈ పనిలోకి దింపడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు. కొందరికి మానాక దగ్గు కొన్నాళ్ళు పెరుగుతుంది కూడా. అదీ ముందే చెప్పి ఉంచండి. అయితే దగ్గులో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపండి.

ఆడవాళ్ళు వచ్చి, "మా ఆయనకి తెలియకుండా అన్నంలో కలిపే మందుందా?" అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో అలాంటి పొడులు అమ్ముతున్నారు. మీరు అమ్మకండి. అందులో ఏముందో తెలియదు, తెలియకుండా మనిషికి మందు పెట్టడం తప్పు కూడా. ఆమెతో ఓపిగ్గా మాట్లాడి, ఒకసారి ఆయన్నే తీసుకురమ్మనండి. హెర్బల్ బీడీలు అడిగితే, అదీ పొగేనని చెప్పండి. ఇ-సిగరెట్ల అమ్మకం 2019 నుంచి మన దేశంలో నేరం.

అడ్డపొగ తాగే పెద్దమ్మల గురించి మీరు రాసినందుకు సంతోషం. వాళ్ళ గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఈ అలవాటు మీ తీరంలో తరాల నుంచి ఉంది. పరిశోధకులు 1960ల నుంచే శ్రీకాకుళం పల్లెలకు వచ్చి నోళ్ళు పరీక్షించారు. ఆ వేడి, పొగ తగిలి అంగిటి మీద మచ్చలు పడతాయి, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఆ పెద్దమ్మలు గమ్ అడగరు. కానీ "నోరు పూసింది" అని జెల్, బి-కాంప్లెక్స్ మాత్రలు కొనడానికి వస్తారు. అక్కడ పట్టుకోండి. "ఎన్నాళ్ళ నుంచి ఉంది పెద్దమ్మా? కారం తగిలితే మండుతుందా? ఏదీ, నోరు తెరవండి" అని ఫోన్ టార్చ్ వేసి అంగిలి చూడండి. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, మానని పుండు, ఇలా ఏది ఉన్నా, రెండు వారాలు దాటినా, జెల్ అమ్మి పంపకుండా పళ్ళ డాక్టరు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. ఒంటరిగా వెళ్ళరు, ఆ ఊరి ఆశా కార్యకర్తకి మీరే ఫోన్ చేయండి. చుట్ట మానడం ఆ తర్వాతి మాట. అంగిటి మీద మచ్చ అద్దంలో చూపించాక ఆ మాట ఎత్తడం తేలికవుతుంది.

స్కాట్లండ్‌లో 2008 నుంచి మందుల షాపుల్లోనే పొగ మాన్పించే సేవ నడుస్తోంది. వారం వారం షాపుకి పిలిచి 12 వారాల దాకా మందు, సలహా ఇస్తారు, ఆ పనికి ప్రభుత్వం షాపుకి డబ్బు చెల్లిస్తుంది. మీకు ఎవరూ చెల్లించరు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. ప్రభుత్వం శిక్షణ పొందిన షాపుల జాబితా పెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి మానాలనుకునేవాళ్ళని చీటీతో అక్కడికి పంపి, గమ్ ఉచితంగా ఇప్పిస్తే ఎంతోమంది మానగలరు. కెమిస్టుల సంఘం సమావేశానికి నాన్నగారు వెళ్తారు కదా, ఈ మాట అక్కడ ఆయన చేత ఎత్తించండి. ఈలోగా మీ మండలం డాక్టరుని ఒకసారి కలవండి. 4 మి.గ్రా. చీటీలకి, డెరిఫిలిన్ మోతాదులకి ఎవరిని ఎప్పుడు పంపితే చూస్తారో అడిగి, ఆయన ఓపీ వేళలు మీ కౌంటర్ లోపలి వైపు అంటించుకోండి.